కోరినదెంత, అందినదెంత: డీజిల్ పికప్‌లో ఈసీఎం ట్యూనింగ్ చిక్కులు విప్పే పద్ధతి

ఆళ్లగడ్డలో చెక్కిన విగ్రహం ఏ ఊరి గుడికి పోవాలన్నా ముందుగా ఎక్కేది పికప్పే. నల్లరాతి అమ్మవారిని గడ్డి మీద పడుకోబెట్టి, గోనెసంచులు చుట్టి, తాళ్లు బిగించి పంపిస్తారు. కర్నూలు వైపుకో కడప వైపుకో అయితే 40వ నంబరు జాతీయ రహదారి మీద సాఫీగా పోవచ్చు. గుంటూరు, విజయవాడ వైపు అయితే నంద్యాల మీదుగా గాజులపల్లె దాటి, నల్లమల ఘాట్ ఎక్కి గిద్దలూరులో దిగాలి. బండి బలమెంతో తేలేది ఆ ఎక్కుడులోనే.

ఎక్కుడులో బలం చాలలేదనిపించిన ఓనరు ట్యూనింగ్ వైపు చూస్తాడు. ఇంజన్‌ను నడిపే కంప్యూటర్‌లో, అంటే మెకానిక్‌లు ఈసీఎం అనే పెట్టెలో, ఫైలు మార్పిస్తాడు. కొన్నాళ్లు బండి ఉరుకుతుంది. తర్వాత నల్లపొగ మొదలవుతుంది, ఘాట్ మధ్యలో ఇంజన్ లైటు వెలుగుతుంది, బండి లింప్ మోడ్‌లోకి, అంటే బలం తగ్గించుకుని మెల్లగా మాత్రమే నడిచే స్థితిలోకి, జారుకుంటుంది. షెడ్డులో ఒకరు ఇంజెక్టర్లు మార్చమంటారు, ఇంకొకరు టర్బో పోయిందంటారు, ఫైలు వేసినాయన తన ఫైలులో తప్పేమీ లేదంటాడు. విడిభాగాల ఖర్చు పెరుగుతుందే తప్ప రోగం తేలదు.

ఈ చిక్కు తేల్చడానికి ఒక వరస ఉంది. దాని వెనక ఉన్న సూత్రం ఒక్కటే. ఈసీఎం ప్రతి క్షణం ఇంజన్ నుంచి ఏదో ఒకటి కోరుతుంది: ఇంత గాలి, ఇంత రైలు ఒత్తిడి (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే కామన్ రైల్ పైపులోని ఒత్తిడి), ఇంత డీజిల్. సెన్సార్లు నిజంగా ఎంత అందిందో చెబుతాయి. కోరినదానికీ అందినదానికీ మధ్య ఎక్కడ తేడా ఉందో అక్కడే రోగం ఉంటుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ఒక్క విడిభాగం కూడా మార్చకూడదు.

ఫైలులో మారేదేమిటి

యాక్సిలరేటర్ తొక్కితే డీజిల్ నేరుగా పెరగదు. పెడల్ ఎంత లోతుకు పోయిందో ఈసీఎం చూస్తుంది. దాన్ని బట్టి ఎంత టార్క్ కావాలో ఒక పట్టికలో వెతుకుతుంది. ఆ టార్క్ ఇంజన్, గేర్‌బాక్స్ తట్టుకునే హద్దు లోపల ఉందో లేదో ఇంకో పట్టికలో చూసుకుంటుంది. దాన్ని ఒక్కో స్ట్రోక్‌కు ఇన్ని మిల్లీగ్రాముల డీజిల్‌గా మారుస్తుంది. అంత డీజిల్‌ను కాల్చేంత గాలి ఉందా అని పొగ హద్దు పట్టికను అడుగుతుంది. ఇవన్నీ దాటాకే రైలు ఒత్తిడి, ఇంజెక్షన్ సమయం, టర్బో బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి), కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకునే మేర తేలుతాయి. ఈ పట్టికల మొత్తాన్నే మ్యాప్ అంటారు.

జాగ్రత్త తెలిసిన ట్యూనర్ ఈ పట్టికలను ఒకదానితో ఒకటి పొసగేలా మారుస్తాడు. తొందరపాటు మనిషి డీజిల్ పెంచి, పొగ హద్దును ఎత్తేసి వదిలేస్తాడు. ఇంకో దొంగదారి ఇంజెక్టర్ తెరిచి ఉంచే సమయాన్ని పొడిగించడం. అప్పుడు ఈసీఎం 40 మిల్లీగ్రాములు పోస్తున్నాననుకుంటుంది, ఇంజెక్టర్ అంతకన్నా ఎక్కువే పోస్తుంది. మీటరులో చూపే మైలేజీ, పొగమసి లెక్క, టార్క్ లెక్క అన్నీ తప్పిపోతాయి. ఫైలు జోలికి పోకుండా తగిలించే ట్యూనింగ్ పెట్టెలు కూడా ఉన్నాయి. ఇవి రైలు ఒత్తిడి సెన్సార్ తీగకు అడ్డంగా కూర్చుని ఒత్తిడి తక్కువగా ఉన్నట్టు ఈసీఎంకు చూపిస్తాయి. అది నమ్మి ఈసీఎం ఒత్తిడి పెంచుతుంది. స్కానర్‌లో అంకె మామూలుగానే ఉంటుంది, రైలులో మాత్రం నిజమైన ఒత్తిడి దాన్ని దాటిపోయి ఉంటుంది.

పనికి కావలసినవి

మంచి మల్టీమీటర్, లైవ్ డేటాను రికార్డు చేసుకోగల ఓబీడీ స్కానర్, బండి కంపెనీ కోడ్లు చదవగల సాఫ్ట్‌వేర్, ఫైలు వేసేటప్పుడు వోల్టేజీ పడిపోకుండా పట్టి ఉంచే బ్యాటరీ చార్జర్, బూస్ట్ పైపుల లీకు చూడటానికి ప్రెజర్ గేజ్ ఉన్న గాలి పంపు, ఇంజెక్టర్ రిటర్న్ కొలవడానికి ఒకే సైజు సీసాలు, ఒక నోటుపుస్తకం. ఆఖరుది లేకపోతే మిగతావన్నీ సగమే పనికొస్తాయి.

ఒక హెచ్చరిక. కామన్ రైల్ పైపుల్లో ఒత్తిడి 1,600 బార్ దాకా, కొన్ని ఇంజన్లలో అంతకు మించి ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపు నట్టు వదులు చేయకూడదు. లీకు ఉందేమోనని చెయ్యి అడ్డం పెట్టి చూడకూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని కండలోకి దూరుతుంది. అలా జరిగితే గాయం చిన్నగా కనబడినా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మొదటి మెట్టు: అడిగి తెలుసుకోవడం

స్కానర్ తగిలించే ముందు డ్రైవరుతో కూర్చోవాలి. “అన్నా, ఘాట్లో బండి ఎక్కడం ల్యా” అన్న ఒక్క మాటతో పని జరగదు. ఏ గేరులో? ఎన్ని ఆర్పీఎం దగ్గర? ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? లోడుతోనా, ఖాళీగానా? పొగ నల్లగానా, తెల్లగానా? ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే బాగవుతోందా? ఫైలు ఎప్పుడు వేయించారు, ఒరిజినల్ ఫైలు కాపీ ఎవరి దగ్గర ఉంది? డీజిల్ ఫిల్టర్ చివరిసారి ఎప్పుడు మార్చారు?

ఆళ్లగడ్డలో తప్పక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: రాయి బరువెంత? నల్లరాయి ఘనమీటరుకు దాదాపు 3 టన్నులు తూగుతుంది. అంటే అర ఘనమీటరు రాయే టన్నున్నర. బొలేరో పికప్‌లలో 1.3 టన్నులు, 1.7 టన్నులు మోసే రకాలు ఉన్నాయి. పీఠంతో సహా రెండు విగ్రహాలు ఎక్కిస్తే కంటికి బండి సగం ఖాళీగా కనబడుతుంది, బరువు మాత్రం హద్దు దాటిపోతుంది. గడ్డి లోడుకూ రాతి లోడుకూ ఉన్న ఈ తేడా వల్లే ఇంజన్‌లో లోపం లేని బండ్లు కూడా ట్యూనింగ్ దాకా వస్తున్నాయి. బరువే కారణమైతే ఫైలు దానికి మందు కాదు.

రెండో మెట్టు: బ్యాటరీ, ఎర్త్

సెన్సార్లన్నీ వోల్టేజీ భాషలోనే మాట్లాడతాయి. ఆ వోల్టేజీ సరిగా లేకపోతే తర్వాత చూసే ఏ అంకెనూ నమ్మడానికి లేదు. ఇంజన్ ఆపి కొన్ని గంటలు గడిచిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 వోల్టుల కిందికి పడిపోకూడదు. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఎర్త్ పట్టీ ఒక కొన నుంచి ఇంకో కొనకు మీటరు పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే అర వోల్టుకు మించి చూపించకూడదు. మించితే ఆ పట్టీ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాలి.

చాలా సెన్సార్లకు ఈసీఎం 5 వోల్టులు పంపుతుంది. కొన్నింటికి ఆ తీగ ఉమ్మడిగా ఉంటుంది. ఒక సెన్సార్ లోపల షార్ట్ అయితే ఆ తీగ మీదున్నవన్నీ ఒకేసారి తప్పుడు అంకెలు చెబుతాయి. సంబంధం లేని మూడు నాలుగు కోడ్లు కలిసి వస్తే ముందు ఈ 5 వోల్టులనే కొలవాలి. పొలాల పక్కన నిలబెట్టే బండ్లలో ఎలుకలు కొరికిన తీగలు కూడా మామూలే. వైరింగ్ తొడుగు విప్పి కంటితో చూడాలి.

మూడో మెట్టు: కోడ్లు రాసుకోవడం

కోడ్లు చెరిపేసే ముందు అన్నీ రాసుకోవాలి. కోడ్ పడినప్పుడు ఆ క్షణంలో ఉన్న ఆర్పీఎం, లోడు, ఉష్ణోగ్రతలను ఈసీఎం దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. డ్రైవరు చెప్పిన మాటకు అదే సాక్ష్యం.

పీ0087 అంటే రైలు ఒత్తిడి తక్కువ. పీ0088 అంటే ఎక్కువ. పీ0299 వస్తే బూస్ట్ చాలలేదని, పీ0234 వస్తే హద్దు దాటిందని అర్థం. పీ0401 ఈజీఆర్ ప్రవాహం తక్కువని చెబుతుంది. పీ2463 పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌లో మసి పేరుకుందని చెబుతుంది. పీ0601 వస్తే జాగ్రత్త పడాలి. ఈసీఎం తన మెమరీని తానే కూడి చూసుకుని, మొత్తం సరిపోలేదని చెబుతోందన్నమాట. సరిగా ముగించకుండా వేసిన ఫైలు వల్ల ఇది రావచ్చు.

ట్యూన్ చేసిన బండిలో కోడ్లు లేకపోవడం కూడా అనుమానించాల్సిన విషయమే. కొందరు ఫైలులో హెచ్చరికలనే ఆపేస్తారు. దాన్ని పట్టుకోవడం తేలిక. ఇంజన్ ఆపి, గాలి బరువు కొలిచే సెన్సార్ ప్లగ్ ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేయాలి. కాసేపటికైనా కోడ్ పడి తీరాలి. పడలేదంటే ఆ బండికి నొప్పి చెప్పుకునే నోరు మూసేశారని అర్థం. అలాంటి బండిలో “కోడ్లేమీ లేవు” అన్న మాటకు విలువ లేదు.

అసలు ఫైలు మారిందో లేదో తెలియకపోతే ఓబీడీలో క్యాలిబ్రేషన్ ఐడీ, సీవీఎన్ అనే రెండు అంశాలు చదవాలి. ఐడీ అనేది ఫైలు పేరు. సీవీఎన్ ఆ ఫైలులో ఉన్న అంకెల నుంచి లెక్కకట్టి తీసే సంఖ్య. పేరు అదే ఉండి సీవీఎన్ మాత్రం కంపెనీ సంఖ్యతో కలవకపోతే లోపల ఎవరో చెయ్యి పెట్టారు.

నాలుగో మెట్టు: బండిని పుట్టినప్పటి స్థితికి తేవడం

ట్యూనింగ్ పెట్టె ఉంటే ఊడదీసి, సెన్సార్ ప్లగ్గును నేరుగా కలపాలి. తర్వాత ఒరిజినల్ ఫైలు వేయాలి. కాపీ దొరకకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్లో వేయించుకోవాలి. అదే మోడల్ కదా అని ఇంకో బండి ఫైలు ఎక్కించకూడదు. హార్డ్‌వేర్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు రెండూ కలిసినప్పుడే అది ఈ బండి ఫైలు. ఇంజెక్టర్లకు ఒక్కోదానికి విడి కోడ్ ఉండే బండ్లలో ఆ కోడ్లు ఈసీఎంలో సరిగా ఉన్నాయో లేదో చూడాలి. ఫైలు ఎక్కుతున్నంతసేపూ బ్యాటరీకి చార్జర్ తగిలించే ఉంచాలి. మధ్యలో కరెంటు పడిపోతే ఈసీఎం మూగబోతుంది.

ఇప్పుడు అదే లోడుతో, అదే ఎక్కుడులో బండి నడపాలి. తగాదా ఇక్కడే రెండుగా చీలుతుంది. ఒరిజినల్ ఫైలుతో కూడా రోగం కనబడితే తప్పు యంత్రంలో ఉంది, ఐదు, ఆరు మెట్లు ఎక్కాలి. రోగం మాయమైతే అనుమానం ఫైలు మీదికి పోతుంది, ఏడో మెట్టుకు పోవచ్చు. అప్పుడు కూడా ఐదో మెట్టులోని రికార్డు ఒకసారి తీసుకుంటే మంచిది. శిల్పి ఉలి పెట్టే ముందు రాయిని సుత్తితో తట్టి మోత వింటాడు. లోపల పగులున్న రాయి మీద ఎంత పనితనం చూపినా నిలవదు. ఫైలు విషయమూ అంతే, లోపమున్న ఇంజన్ మీద ఏ మ్యాపూ నిలవదు.

ఐదో మెట్టు: రికార్డు తీయడం

ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయక ముందే ఒక పరీక్ష చేయాలి. బూస్ట్ సెన్సార్ ఆ సమయంలో మామూలు గాలి ఒత్తిడినే చూపాలి. ఆళ్లగడ్డ, నంద్యాల ప్రాంతంలో అది సుమారు 98 నుంచి 100 కిలోపాస్కల్ ఉంటుంది. ఎక్కువ తక్కువలు చూపితే సెన్సార్ మీదే అనుమానం.

తర్వాత రోడ్డు మీదికి. డ్రైవరు రోడ్డునే చూడాలి, స్కానర్ పక్కన కూర్చున్న మనిషి చేతిలో ఉండాలి. వాహనాల రద్దీ లేని ఎక్కుడు చూసుకుని, మూడో గేరులో, 1,400 ఆర్పీఎం నుంచి పెడల్ పూర్తిగా తొక్కి 3,000 దాటేదాకా రికార్డు తీయాలి. ఆర్పీఎం, పెడల్ శాతం, కోరిన రైలు ఒత్తిడి, అందిన రైలు ఒత్తిడి, కోరిన బూస్ట్, అందిన బూస్ట్, గాలి బరువు, డీజిల్ మిల్లీగ్రాములు, లోపలికి వచ్చే గాలి వేడి, కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజీ: ఇవి ఉంటే చాలు. ఎక్కువ అంశాలు ఎంచుకుంటే స్కానర్ ఒక్కోదాన్ని చదివే వేగం తగ్గి, అసలు తేడా పడిన క్షణం జారిపోతుంది.

ఆరో మెట్టు: తేడా ఎక్కడుంటే అక్కడ వెతకడం

రైలు ఒత్తిడిలో తేడా: చాలా ఇంజన్లలో ఐడిలింగ్‌లో 250 నుంచి 350 బార్ ఉంటుంది. లోడు పెరిగేకొద్దీ కోరినదాని కన్నా అందినది వంద బార్‌కు మించి వెనకబడి, అలాగే ఉండిపోతే డీజిల్ దారిలో అడ్డు ఉంది. ముందు ఫిల్టర్, అందులో చేరిన నీరు చూడాలి. ట్యాంకు నుంచి పంపుకు వచ్చే దారిలో పారదర్శకమైన గొట్టం ముక్క తగిలిస్తే గాలి బుడగలు కనిపిస్తాయి. తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ పైపులను ఒకే సైజు సీసాల్లోకి పెట్టి ఇంజన్ నడపాలి. ఒక సీసా మిగతావాటి కన్నా చాలా ముందే నిండితే ఆ ఇంజెక్టర్ లోపల కారిపోతోంది. ఇవన్నీ బాగుంటేనే పంపు మీదికి పోవాలి. ఖర్చు తక్కువ పరీక్ష నుంచి ఎక్కువ ఖర్చు పనికి పోవడమే ఇక్కడి నీతి.

బూస్ట్‌లో తేడా: అందినది తక్కువైతే టర్బో మార్చమని చెప్పే ముందు ఇంటర్‌కూలర్ పైపులు చూడాలి. టర్బో ముందు భాగం మూసి, లోపలికి ఒక బార్‌కు మించకుండా గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే లీకు బుడగలై బయటపడుతుంది. ఐడిలింగ్‌లో కనబడని చీలిక ఘాట్లో లోడు పడ్డప్పుడు నోరు తెరుస్తుంది. తర్వాత వాక్యూమ్ గొట్టాలు, యాక్చుయేటర్ కడ్డీ సాఫీగా కదులుతోందో లేదో, టర్బో షాఫ్టులో ఆట ఎంత ఉందో చూడాలి.

గాలి బరువులో తేడా: శిల్పశాలల దగ్గర నిలబడి లోడు ఎక్కించుకునే బండ్లకు ఇది ప్రత్యేక సమస్య. రాయి కోసేటప్పుడు లేచే సన్నటి పొడి ఎయిర్ ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తుంది. చౌకరకం ఫిల్టర్ అయితే పొడి దాటుకుని పోయి సెన్సార్ తీగ మీద పేరుకుంటుంది. కంపెనీ చెప్పిన కిలోమీటర్ల గడువు ఇక్కడి దుమ్ముకు సరిపోదు. మసి పట్టి తెరుచుకునే ఉండిపోయిన ఈజీఆర్ వాల్వు కూడా కొత్త గాలిని లోపలికి రానివ్వదు.

ఆయిల్ కడ్డీ తీసి చూడటం మరవకూడదు. డీపీఎఫ్ ఉన్న బండి మసిని కాల్చుకోవడానికి అదనంగా డీజిల్ పోస్తుంది. ఆ పని మధ్యలో ఆగిపోతూ ఉంటే ఆ డీజిల్ ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగిందంటే వెంటనే ఆయిల్ మార్చి, మసి ఎందుకు పేరుకుంటోందో వెతకాలి.

ఏడో మెట్టు: ఫైలు లెక్క తేల్చడం

ఒరిజినల్ ఫైలుతో బండి ఆరోగ్యంగా ఉందని తేలింది. ట్యూన్ ఫైలుతోనే రోగం వస్తోంది. ఈ రెండు ఫైళ్లతో తీసిన రికార్డులను పక్కపక్కన పెట్టాలి. లెక్క ఇలా వేయాలి.

ఒక గ్రాము డీజిల్ పూర్తిగా కాలడానికి దాదాపు 14.5 గ్రాముల గాలి కావాలి. కానీ డీజిల్ ఇంజన్‌లో ఇంధనం, గాలి కలిసేందుకు దొరికే సమయం తక్కువ కాబట్టి, పొగ లేకుండా కాలాలంటే అంతకన్నా 20 నుంచి 30 శాతం ఎక్కువ గాలి ఉండాలి. 1,400 ఆర్పీఎం దగ్గర టర్బో ఇంకా పట్టుకోనప్పుడు స్ట్రోక్‌కు 600 మిల్లీగ్రాముల గాలి వస్తోందనుకుందాం. 25 శాతం అదనపు గాలి ఉండాలంటే డీజిల్ 33 మిల్లీగ్రాములకు మించకూడదు. ట్యూన్ ఫైలు 40 పోస్తే నిష్పత్తి 15కు పడిపోతుంది. నల్లపొగ అక్కడే పుడుతుంది. ఆ మసే డీపీఎఫ్‌ను నింపుతుంది, ఈజీఆర్‌ను బిగుసుకుపోయేలా చేస్తుంది. ఆ అదనపు డీజిల్ ఎగ్జాస్ట్ వేడిని పెంచి టర్బోను కాలుస్తుంది.

మా సీమ ఎండను కూడా ఈ లెక్కలో కలపాలి. గాలి 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే, ఒత్తిడి అదే ఉన్నా బరువు సుమారు 6 శాతం తగ్గుతుంది. 600 కాస్తా 564 అవుతుంది. అదే 40 మిల్లీగ్రాములకు నిష్పత్తి 14.1. అంటే పూర్తిగా కాలేందుకు కావలసిన గాలి కూడా లేదు. డిసెంబరులో బాగా నడిచిన ఫైలు మే నెల మధ్యాహ్నం ఘాట్లో ఎందుకు పొగ కక్కుతుందో ఈ లెక్క చెబుతుంది. బూస్ట్ ఒత్తిడిని మాత్రమే చూసి, గాలి వేడిని పట్టించుకోకుండా రాసిన పొగ హద్దు ఈ నేలకు పనికిరాదు.

మిగతా తప్పులను కూడా రికార్డే పట్టిస్తుంది. బూస్ట్ కోరినదాన్ని దాటి ఎగిరి, వెంటనే లింప్ మోడ్ వస్తే టర్బో నియంత్రణ పట్టిక సరిగా లేదు. ఒరిజినల్ ఫైలుతో రైలు ఒత్తిడి సరిగా అంది, ట్యూన్ ఫైలుతో వెనకబడితే పంపు ఇవ్వగలిగినదాని కన్నా ఫైలు ఎక్కువ కోరుతోంది. మీటరులో మైలేజీ పెరిగినట్టు కనబడి, ట్యాంకు నింపి కొలిస్తే తగ్గితే ఇంజెక్టర్ సమయపు దొంగదారి తొక్కారు. ఈ కాగితాలు పట్టుకుని ఫైలు వేసినాయన దగ్గరికి పోతే వాదన ఉండదు, అంకెలే మాట్లాడతాయి.

పొగ, చట్టం, ఊపిరి

దేశమంతటా 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిని అందుకోవడానికి అవసరమైన ఈజీఆర్, డీపీఎఫ్‌ల వంటివి బండికి అలంకారాలు కావు. వాటిని ఫైలులో ఆపేసిన బండి బలంగా నడిచినట్టు కనబడినా, అది వదిలే మసిని లోడు ఎక్కించే కూలీ, బండి వెనక వచ్చే పిల్లవాడు పీలుస్తారు. రాతిపొడితో ముందే ఊపిరితిత్తులు అలసిన శిల్పులున్న ఊరికి ఇంకో మసి అక్కర్లేదు. కాబట్టి వాటిని తిరిగి పనిచేయించడం కూడా బాగుచేయడంలో భాగమే.

చట్టమూ అదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణలో తిరగరాసిన సెక్షన్ 182ఏ కింద అలా మార్చిన ఓనరుకు ఆరు నెలల వరకు జైలు గానీ, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇది మన ఒక్క దేశపు బెంగ కాదు. పదేళ్ల కాలంలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లలో కాలుష్య నియంత్రణలను తీసేశారని అమెరికా పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ 2015లో కాలుష్య పరీక్షల విషయంలో పట్టుబడింది కూడా ఈసీఎం సాఫ్ట్‌వేర్‌లో చేసిన మాయతోనే.

ఎనిమిదో మెట్టు: రుజువు చూపి అప్పగించడం

రిపేరు అయిందనడానికి ఇంజన్ లైటు ఆరిపోవడం చాలదు. అదే బరువుతో, అదే ఎక్కుడులో, వీలైతే ఎండ ముదిరిన వేళ మళ్లీ రికార్డు తీయాలి. కోరినది, అందినది ఒకదాని వెంట ఒకటి నడవాలి. పొగ పరీక్ష చేయించాలి. పాత కోడ్లు, కొత్త రికార్డు, ఒరిజినల్ ఫైలు కాపీ, సీవీఎన్ సంఖ్య ఓనరు చేతికి ఇవ్వాలి. ఈ బండికి ఏ ఫైలు ఉండాలని అడిగితే నా జవాబు సూటిగా ఉంటుంది: కంపెనీ ఫైలు. ఎక్కుడులో బలం చాలకపోతే రాయిని రెండు ట్రిప్పులుగా పంపాలి, లేదా పెద్ద బండి మాట్లాడాలి. ఆ అదనపు కిరాయి ఒక టర్బో ఖరీదు ముందు చిన్నదే.

ఆళ్లగడ్డ, నంద్యాల షెడ్డుల వాళ్లకూ, ఐటీఐలో మెకానిక్ డీజిల్ చదివే పిల్లలకూ ఒక పని అప్పగించాలని ఉంది. బండి రోగంతో వచ్చేదాకా ఆగకండి. కొత్త పికప్ మొదటి సర్వీసుకు వచ్చినప్పుడే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, పదిహేను నిమిషాలు కేటాయించి దాని రికార్డు తీసి దాచండి. మోడల్, కిలోమీటర్లు, ఆనాటి ఎండ, లోడు రాసి పెట్టండి. కంపెనీ పుస్తకంలో ఉండే అంకెలు ఎక్కడివో కావచ్చు. మీరు రాసుకున్నవి మన దుమ్ములో, మన ఎండలో, మన రాతి బరువుతో, నల్లమల ఎక్కుడులో పుట్టిన అంకెలు. రేపు ఆ బండి పొగ కక్కుతూ వచ్చినప్పుడు ఏది మారిందో నిమిషాల్లో తేలుతుంది, ఓనరు డబ్బు అక్కర్లేని విడిభాగాల మీద పోదు.